స్పానిష్, పోర్చుగీస్‌లో 'రియల్' అని ఎలా పలకాలి, ఏ అర్థం తీసుకోవాలి?

ఆర్, ఈ, ఏ, ఎల్ కనిపిస్తే చాలు మన నోట్లోంచి రియల్ అనే వస్తుంది, రియల్ ఎస్టేట్ పుణ్యమా అని. ఇంగ్లీష్ వరకు అది ఓకే, అర్థం కూడా అసలైనది, నిజమైనది అనే. చిక్కంతా మిగతా రెండు భాషల్లోనే.

స్టెప్ 1: స్పానిష్ అయితే ముందు ఆర్ సంగతి చూడండి. 'కర్ర'లో ర్ర ఉంది కదా, దాన్నే పదం మొదట్లో పెట్టి ర్రెఆల్ అనండి, ఊనిక 'ఆల్' మీద. ఇంగ్లీష్ వాళ్ళు దీనికి తెగ కష్టపడతారు గానీ మనకి పుట్టుకతో వచ్చిన సౌండే.

స్టెప్ 2: పక్కన ఏ మాట ఉందో చూసి అర్థం తేల్చుకోండి. లాటిన్‌లో వస్తువుకి ఒక మాట, రాజుకి ఒక మాట ఉండేవి, వాటి నుంచి పుట్టిన రెండు వేర్వేరు పదాలు అరిగి అరిగి స్పానిష్‌లో ఒకేలా తయారయ్యాయి, అందుకే 'వీదా ర్రెఆల్' అంటే నిజజీవితం, 'ఫమీల్యా ర్రెఆల్' అంటే మాత్రం రాజకుటుంబం. మన ఫుట్‌బాల్ ఫ్యాన్స్‌లో చాలామంది రియల్ మాడ్రిడ్ అంటే 'అసలైన మాడ్రిడ్' అనుకుంటారు, కాదండీ, 1902లో పెట్టిన క్లబ్‌కి 1920లో రాజు అల్ఫోన్సో 13 ఇచ్చిన రాజబిరుదు అది. పనిలో పనిగా మాడ్రిడ్‌లో డ కూడా వదిలేయండి, అక్కడిది మన ద, చివరిది సరిగ్గా వినపడను కూడా వినపడదు: ర్రెఆల్ మద్రీ(ద్).

స్టెప్ 3: బ్రెజిల్ పోర్చుగీస్ అయితే నేర్చుకున్నదంతా పక్కన పెట్టండి. పదం మొదట్లో ఆర్ వస్తే ఎక్కువ చోట్ల హ లాగా, చివర ఎల్ వస్తే ఉ లాగా పలుకుతారు, కాబట్టి ఇది హెఆఉ. నమ్మకం కుదరకపోతే రొనాల్డో పేరు బ్రెజిల్ కామెంటరీలో వినండి, హొనాఉదు అంటారు, వాళ్ళ దేశం పేరే వాళ్ళకి బ్రజీఉ.

పోర్చుగల్‌లో ఆర్ గొంతులోంచి గరగరమంటూ వస్తుంది, ఎల్ బరువుగా అలాగే ఉంటుంది.

స్టెప్ 4: పోర్చుగీస్‌లో కూడా నిజం, రాజరికం రెండు అర్థాలూ ఉన్నాయి, కానీ బ్రెజిల్ షాపుల్లో ఈ మాట వినిపిస్తే అది డబ్బు గురించే. ధరలు ఆకాశాన్నంటుతున్న టైంలో 1994 జులై 1న తెచ్చిన కరెన్సీ పేరు ఇది, పాతకాలపు రాజనాణెం పేరునే మళ్ళీ వాడారు. ఒక్కటైతే 'ఉం హెఆఉ', ఒకటి దాటితే ఎస్ తగిలించి ఊరుకోకూడదు, 'హెఆయిస్' అవుతుంది, రియో వాళ్ళ నోట్లో అయితే 'హెఆయిష్'.