లారీ నేర్పించే మంచి ఓనర్ని ఎట్టా వెతుక్కోవాలి? నెల్లూరు, ప్రకాశం కుర్రోళ్ళ కోసం

నెలకి ఇద్దరు ముగ్గురన్నా అడుగుతుంటారు నన్ను, అన్నా హెవీ లైసెన్స్ వచ్చేసింది, ఏ ట్రాన్స్‌పోర్ట్‌లో చేరమంటావు, యాడ జీతం ఎక్కువ అని. జీతం సంగతి తర్వాత చూద్దాం తమ్ముడూ, ముందు నీ పక్క సీట్లో ఎవరు కూర్చుంటారో కనుక్కో అంటాను నేను. ఎందుకంటే లైసెన్స్ చేతికొచ్చిన రోజు మనకి బండి రాదు, ఆర్టీవో ఆఫీసు ట్రాక్ మీద ఖాళీ బండి తిప్పడం వేరు, 28 టన్నుల బండిని వానలో హైవే మీద ఆపడం వేరు, ఆ రెండోది నేర్పేది పక్కన కూర్చున్న మనిషే. మొదటి ఆరు నెలల్లో చేతికి ఏ అలవాటు పడితే అదే ఇరవై ఏళ్ళు ఉంటుంది, నేను నా కళ్ళతో చూశా.

ముందు కాగితాల సంగతి గబగబా చెప్పేస్తా. ట్రాన్స్‌పోర్ట్ బండి రోడ్డు మీద నడపాలంటే 20 ఏళ్ళు నిండాలి. హెవీకి ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేటప్పుడు ఇచ్చే లైసెన్స్, పెట్టాలంటే అంతకుముందు కారు లైసెన్స్, అంటే ఎల్‌ఎంవీ, కనీసం ఏడాది పాతదై ఉండాలి, కాబట్టి 18 నిండగానే ఎల్‌ఎంవీ తీసి పెట్టుకోండి, ఆ ఏడాది ఊరికే పోదు. డాక్టర్ ఇచ్చే ఫారం 1ఏ, డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే ఫారం 5 కావాలి. ఎనిమిదో తరగతి పాసవ్వాలన్న రూలు 2019లోనే తీసేశారు, ఇంకా ఎవడైనా సర్టిఫికెట్ పేరు చెప్పి డబ్బులు అడిగితే ఇవ్వొద్దు. ఎల్‌ఎల్‌ఆర్ మీద నడిపేటప్పుడు ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి, పక్కన హెవీ లైసెన్స్ ఉన్నోడు కూర్చోవాలి. క్లీనర్‌గా ఎక్కి, ఏ లైసెన్సూ లేకుండా రాత్రిళ్ళు ఖాళీ బండి మీద నేర్చుకునే పద్ధతి మన దగ్గర పాతకాలం నుంచీ ఉండాది, పెద్దోళ్ళందరూ అట్టాగే నేర్చుకున్నారు, కానీ ఆ టైంలో ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేస్తారు, కేసు మీ మీద పడుతుంది, బతుకు మొదలవ్వకముందే కోర్టుల చుట్టూ తిరగాల్సొస్తుంది. ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని ఎక్కండి.

నేర్చుకునేదానికి ప్రకాశంలో దర్శి దగ్గర పెద్ద డ్రైవింగ్ శిక్షణ కేంద్రం ఉండాది, ఆర్టీసీ వాళ్ళు కూడా కొన్ని డిపోల్లో హెవీ డ్రైవింగ్ స్కూల్ నడుపుతున్నారు. బ్యాచ్ ఎప్పుడు, ఫీజు ఎంత అనేది మీరే పోయి అడగండి. ఊళ్ళో స్కూల్లో ఫారం 5 కోసం పేరు రాయించుకుని వెళ్ళకుండా ఉండేదానికన్నా, డబ్బులు కొంచెం ఎక్కువైనా రోజూ స్టీరింగ్ చేతికిచ్చే చోట నేర్చుకోండి. 20 దాటి, ఎల్‌ఎంవీ మాత్రమే ఉన్నోళ్ళకి ఇంకో దారుంది. మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే గూడ్స్ బండ్లు ఎల్‌ఎంవీ లైసెన్స్ మీదే నడపొచ్చని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పికప్ బండి మీద పొదలకూరు నిమ్మకాయల బస్తాలో, రొయ్యల మేత బస్తాలో ఒక ఏడాది తోలితే అద్దాలు చూడడం, లోడుతో రివర్స్ పెట్టడం, కాటా దగ్గర మాట్లాడడం అన్నీ వచ్చేస్తాయి. అట్టా వచ్చినోణ్ణి ఓనర్లు కూడా తొందరగా నమ్ముతారు.

ఇప్పుడు అసలు సంగతి, ఎక్కడ వెతకాలి. మన దగ్గర పనికి కొదవ లేదు. కృష్ణపట్నం పోర్టు బొగ్గు, అక్కడి నూనె ఫ్యాక్టరీల ట్యాంకర్లు, చీమకుర్తి గ్రానైట్, నెల్లూరు చుట్టుపక్కల రైస్ మిల్లుల బియ్యం, రొయ్యలు, మేత. కానీ అన్నీ కొత్తోడికి పనికొచ్చే లోడ్లు కావు. టిప్పర్ల దగ్గర చాలాచోట్ల ట్రిప్పుల లెక్క మీద డబ్బులు, ఎన్ని కొడితే అంత, ఆ తొందరలో కొత్తోడికి నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలు మోసే లారీలు చూడ్డానికి నిదానంగానే పోతుంటాయి గానీ చైను సరిగ్గా బిగించక ఒక్కసారి గట్టిగా బ్రేక్ కొడితే వెనకున్న రాయి క్యాబిన్ మీదకొస్తుంది, అది అనుభవం ఉన్నోళ్ళ పని. ట్యాంకర్ సగం నిండి ఉంటే లోపల నూనె ఊగి, మనం ఆపినా బండిని ముందుకు తోస్తుంది. పెట్రోలు, గ్యాసు, యాసిడ్ లాంటివైతే లైసెన్స్‌లో దానికి వేరేగా రాయించుకోవాలి, ట్రైనింగ్ కూడా వేరే ఉంటుంది. రొయ్యల బండికి ఐసు కరిగిపోతుందన్న తొందర, ఫోన్ల మీద ఫోన్లు.

నా మాట వింటే బియ్యం బండో మేత బండో ఎక్కండి. నెల్లూరు నుంచి చెన్నై 170 కిలోమీటర్ల పైచిలుకు, అంతా పదహారో నంబరు హైవే, బస్తాల లోడు కదలదు, చాలాసార్లు రెండోరోజుకి ఇంటికొచ్చేస్తారు, వారంలో రెండు మూడుసార్లు అదే రోడ్డు, అవే మలుపులు, అదే వెంకటాచలం టోల్‌గేటు. ఒకే రోడ్డు పదిసార్లు పోతే రోడ్డు అలవాటై ధ్యాస బండి మీదకి కూడా పోతుంది, ఇంజిన్ సౌండు వినపడడం మొదలవుతుంది.

పేరు చూసి కంపెనీ ఎంచుకోవద్దు. ఆటోనగర్‌కి పోండి, పొద్దున పదింటప్పుడు. మెకానిక్ షెడ్డులో, టైర్ల షాపులో, కమాన్ కట్టలు (బండి కింద స్ప్రింగులు) బాగుచేసే కాడ టీ తాగుతూ ఒక గంట కూర్చోండి. ఏ ఓనరు బండి రిపేరుకి చెప్పగానే డబ్బులు పంపిస్తాడో, ఏ ఓనరు ఈ ట్రిప్పుకి సర్దుకో అంటాడో మెకానిక్‌కి తెలిసినంత ఆ ఓనరు ఇంట్లోవాళ్ళకి కూడా తెలీదు. అన్నా, ఫలానా వాళ్ళ బండ్లు ఎట్టా ఉంటాయి అని ఒక్కమాట అడిగితే చాలు. తర్వాత ఆ ఓనరు దగ్గర పాత డ్రైవర్ ఎన్నేళ్ళ నుంచి ఉన్నాడో కనుక్కోండి. ఐదు బండ్లుండి ఐదింటికీ ఏడాదిలోపు వచ్చిన డ్రైవర్లే ఉంటే అక్కడ ఏదో తేడా ఉన్నట్టు. ఆరేడేళ్ళ నుంచి ఉన్న ఒక్క పెద్దాయన ఉంటే, మీకు నేర్పేది ఆయనే అయితే, జీతం వెయ్యి తగ్గినా చేరిపోవచ్చు.

బండి నంబరు తెలిస్తే ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి చూడండి. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్స్ ఉందా, పొల్యూషన్ ఉందా కనపడుతుంది, చలాన్లు కూడా చూసుకోవచ్చు. ఓవర్‌లోడ్ చలాన్లు వరసగా ఉంటే అది ఓనరు అలవాటు. ఓవర్‌లోడ్‌కి ఫైన్ 20,000, పైన ఎక్కువైన ప్రతి టన్నుకీ 2,000, ఆ డబ్బులు ఎవరి నెత్తిన వేస్తాడో ముందే అడగాలి. పదిటైర్ల బండికి బండీ లోడూ కలిపి 28.5 టన్నులే పరిమితి. కొత్తోడు దానిమీద పది టన్నులు ఎక్కువేసుకుని పోతే బ్రేకులు ఎక్కడ పడతాయో తెలిసేలోపే ముందు బండి వచ్చేస్తుంది.

తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరగండి, ఓనరు ఏమనుకుంటాడో అని మొహమాటపడొద్దు. ముందు టైర్లు నున్నగా అరిగిపోయాయా, స్టెప్నీ నిజంగా పనికొచ్చేదేనా, వెనక రేడియం స్టిక్కర్లు, బ్రేక్ లైట్లు ఉన్నాయా, జాకీ, వీల్ స్పానర్, లోడు మీద కప్పే పట్టా, తాళ్ళు అన్నీ ఉన్నాయా. స్టార్ట్ చేయించి ఎయిర్ గేజ్ చూడండి, ప్రెషర్ నిండాక ఇంజిన్ ఆపి ఐదు నిమిషాలు నిలబడండి, ముల్లు కళ్ళముందే దిగిపోతుంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఇంకో సంగతి, 2025 అక్టోబర్ 1 నుంచి తయారైన లారీలన్నిటికీ క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి చేశారు, కొత్త బండి కొనే ఓనరు దగ్గర చోటు దొరికితే మే నెలలో ఒంగోలు ఎండలో దాని విలువ తెలుస్తుంది.

ఇన్సూరెన్స్ గురించి ఒక్కటి గట్టిగా చెప్తున్నా. పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ అని కనపడితే అది మనకి అనుకుంటారు చాలామంది, అది ఓనర్ కమ్ డ్రైవర్‌కి, అంటే బండి ఓనరే నడిపితే ఆయనకి. జీతం డ్రైవర్‌కీ క్లీనర్‌కీ లీగల్ లయబిలిటీ అని వేరే లైను ఉంటుంది, ఎంతమందికి కట్టారో అంకె వేసి ఉంటుంది. నేర్చుకునేటప్పుడు క్యాబిన్‌లో ఇద్దరుంటారు, అక్కడ 1 అని ఉంటే రెండోవాడి సంగతేందని అడగండి. దానికి ప్రీమియం చాలా తక్కువ, మంచి ఓనరైతే అడగ్గానే ఏజెంట్‌కి ఫోన్ చేస్తాడు.

మాట్లాడుకునేటప్పుడు ఇవి తేల్చుకోండి. స్టీరింగ్ ఎప్పటినుంచి ఇస్తారు, ఖాళీ బండి మీద ఎన్ని ట్రిప్పులు, లోడు మీద ఎన్ని ట్రిప్పులు, ఎప్పటికి సొంతంగా బండి. తర్వాత చూద్దాంలే అంటే రెండేళ్ళు క్లీనర్ పనే చేయించుకుంటారు, నాకు అట్టా పోయింది ఒక ఏడాది. జీతం నెలకా ట్రిప్పుకా, బత్తా, అంటే దారి ఖర్చుల డబ్బులు, ఎంత, లోడింగ్ కోసం రెండ్రోజులు ఆగితే ఆ హాల్టింగ్‌లో బత్తా ఇస్తారా. డీజిల్ లెక్క ఎట్టా, ఓనరు చెప్పిన మైలేజ్ రాకపోతే కోస్తారా. అన్‌లోడింగ్‌లో బస్తా తగ్గితే షార్టేజీ ఎవరిది. దారి మామూళ్ళు ఎవరు పెట్టుకుంటారు. ఈ జవాబులన్నీ ఇంటికొచ్చి ఒక నోటుబుక్కులో రాసుకుని, ఆ పేజీ ఫొటో తీసి ఓనరుకి వాట్సాప్‌లో పంపండి, అన్నా మనం అనుకున్నవి ఇవీ, సరిగ్గా ఉన్నాయా చూడండి అని మర్యాదగా. సరే అని తిరిగి మెసేజ్ పెట్టాడంటే అదే మీ అగ్రిమెంటు.

లైసెన్స్ ఒరిజినల్ మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. నేను మొదట చేరిన చోట పేరు చెప్పను గానీ, సేఫ్టీ కోసం అని తీసి బీరువాలో పెట్టుకున్నాడాయన. మూడు నెలలయ్యాక మా నాయనకి ఒంట్లో బాగలేక మానేస్తానంటే, షార్టేజీ లెక్కలు తేలేదాకా ఇవ్వనన్నాడు, నేను చూడని లోడుకి నేను డబ్బులు కట్టి కార్డు తెచ్చుకున్నా. డిజిలాకర్‌లో, ఎంపరివాహన్‌లో ఉన్న లైసెన్స్ పోలీసులకి చూపిస్తే చెల్లుతుంది, కాబట్టి ఓనరుకి కావాలంటే జిరాక్స్ ఇవ్వండి. అట్టాగే చేరేటప్పుడు పెద్ద అడ్వాన్స్ ఇస్తానంటే సంబరపడొద్దు, ఆ అడ్వాన్స్ తీరేదాకా మీరు ఎన్ని రాత్రులు నిద్రలేకుండా తోలమన్నా తోలాలి. చట్టంలో డ్రైవర్ డ్యూటీ రోజుకి 8 గంటలని ఉంది, లారీల్లో అది ఎక్కడా జరగడం లేదని అందరికీ తెలుసు, కానీ నిద్రొస్తోందని చెప్తే ఎక్కడైనా పక్కన పెట్టి రెండు గంటలు పడుకో అనే ఓనర్లు నాకు తెలిసి ఉన్నారు, వాళ్ళ కోసమే వెతకమంటున్నా.

గురువు ఎట్టాంటోడో మొదటి రెండు ట్రిప్పుల్లోనే తెలిసిపోతుంది. మా పెద్దాయన పొద్దున్నే బండి కిందకి దూరి ఎయిర్ ట్యాంకు కింద రింగు లాగమనేవాడు, బుస్సుమని నీళ్ళు చేతిమీద పడేవి, ఆ నీళ్ళు బ్రేకు లైన్లోకి పోతే ఏమవుద్దో చెప్పు అని నాచేత చెప్పించేవాడు. ఒకసారి సిమెంటు లోడుతో నంద్యాల నుంచి గిద్దలూరు వస్తున్నాం, నల్లమల ఘాటు నేను దిగుతున్నా, భయంతో మాటిమాటికీ బ్రేకు తొక్కుతూ దింపా. దిగువమెట్ట దగ్గర ఆపించి, వెనక చక్రం డ్రమ్ము దగ్గరికి చెయ్యి పోనీ, ఆన్చొద్దు, దగ్గర పెట్టు అన్నాడు. జానెడు దూరంలోనే అరచెయ్యి కాలింది, కాలిన లైనర్ వాసన ముక్కుకి కొట్టింది. ఆయన తిట్టలేదు. వారం తర్వాత అదే ఘాటుకి అదే లోడు, ఎక్కేటప్పుడు ఏ గేర్లో ఎక్కావో దిగేటప్పుడు అదే గేర్లో దిగు, ఎగ్జాస్ట్ బ్రేక్ (ఇంజిన్ పొగని ఆపి బండిని నిదానం చేసేది) వేసి పెట్టుకో, కాలు అవసరమైనప్పుడే, అన్నాడు. అట్టా దిగి అక్కడే ఆపి మళ్ళీ చెయ్యి పెట్టా, పొయ్యి మీంచి దించిన అరగంటకి అన్నం గిన్నె ఎంత వేడిగా ఉంటుందో అంతే ఉంది. ఇప్పటికీ ఏ ఘాటు దిగినా ఒకసారి ఆపి చెయ్యి పెట్టి చూసుకుంటా. ఇట్టా చూపించే మనిషి కాకుండా, మందు తాగి పక్కన పడుకుని నువ్వు తోలు అనేవాడు తగిలితే ఆ ట్రిప్పు అయ్యాక ఓనరుకి చెప్పి వేరే బండి అడగండి, ఇవ్వకపోతే దిగిపోండి, పోయేది ఒక నెల జీతమే.

మొదటి ట్రిప్పుకి పోయేటప్పుడు బండి నంబరు, ఓనరు నంబరు, పెద్ద డ్రైవర్ నంబరు ఇంట్లో రాసిచ్చి పోండి. దుప్పటి, టార్చిలైటు, రెండు రోజుల మందులు, చేతిలో కొంచెం చిల్లర. ప్రతి ట్రిప్పూ తేదీ, లోడు, కాటా బరువు, ఎన్ని కిలోమీటర్లు, మీరు ఎంతసేపు నడిపారో అదే నోటుబుక్కులో రాస్తూ రండి, బండి అడిగే రోజు ఆ బుక్కే మీ తరఫున మాట్లాడుతుంది.

ఆ రోజు ఎప్పుడొస్తుందని అడుగుతారు కుర్రోళ్ళు. నాకైతే పెద్దాయన బండి ఎక్కిన ఏడో నెలలో వచ్చింది. ఒంగోలుకి మేత లోడు, కావలి దాటాక పెద్దాయన మామూలుగా నా గేర్ల మీద కన్నేసి కూర్చునేవాడు, ఆ రోజు తలగడ సర్దుకుని వెనక్కి వాలాడు. ఊరికే కళ్ళు మూసుకున్నాడేమో అనుకున్నా, సింగరాయకొండ దగ్గరికొచ్చేసరికి గురక మొదలైంది. టంగుటూరు టోల్‌గేటు దగ్గర లేపితే, వచ్చేసిందా అని టీకి దిగాడు. ఆ వారంలోనే ఓనరుకి ఫోన్ చేసి వీడికి పాత పదిటైర్ల బండి ఇచ్చెయ్యి అని చెప్పాడంట.