నిరూపక తలంలో మధ్యబిందువును కనుగొనే విధానం

రెండు బిందువులను కలిపే రేఖాఖండాన్ని సరిగ్గా సగం చేసే బిందువు కావాలంటే, వాటి ఎక్స్ నిరూపకాల సగటును, వై నిరూపకాల సగటును విడివిడిగా లెక్కించాలి. ఉదాహరణకు ఏ(−3, 4), బి(5, −2) బిందువులకు (−3 + 5) ÷ 2 = 1, (4 + (−2)) ÷ 2 = 1 కనుక మధ్యబిందువు ఎం(1, 1) అవుతుంది.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే: దూర సూత్రంలో నిరూపకాలను తీసివేసిన అలవాటుతో ఇక్కడ కూడా తీసివేస్తారు. భేదంలో సగం, ఒక కొన నుండి ఎంత జరగాలో మాత్రమే చెబుతుంది. బిందువు ఎక్కడుందో చెప్పేది మొత్తంలో సగమే. రుణ సంఖ్యలను కుండలీకరణాల్లో రాసుకోవడం ఎంతో మేలు.

జవాబును సరిచూడటం తేలిక. ఏ నుండి ఎం కు కుడివైపు 4, కిందికి 3 ప్రమాణాలు జరిగాం; ఎం నుండి బి కి కూడా అంతే జరగాలి, జరుగుతున్నాం.

ఒక కొన, మధ్యబిందువు మాత్రమే ఇస్తే, మధ్యబిందువు నిరూపకాలను రెట్టింపు చేసి తెలిసిన కొన నిరూపకాలను తీసివేయాలి. సమాంతర చతుర్భుజ కర్ణాలు పరస్పరం సమద్విఖండన చేసుకుంటాయి కాబట్టి, ఏ(1, 2), బి(4, 3), సి(6, 6) వరుస శీర్షాలైతే, ఏసి మధ్యబిందువు (3.5, 4) బిడి కి కూడా మధ్యబిందువే; బి ని తెలిసిన కొనగా తీసుకుంటే ఇదే పద్ధతిలో నాలుగో శీర్షం డి(3, 5) అని తేలుతుంది.