సింక్ సౌండ్ షూట్‌కి బయల్దేరే ముందు

ఎండాకాలం షెడ్యూళ్లు మొదలవుతున్నాయి. సింక్ సౌండ్‌కి, అంటే షూటింగ్ జరుగుతుండగానే మాటలు రికార్డు చేయడానికి, మైకులు సర్దుకునేటప్పుడే ఇవి చూసుకోండి.

– రికార్డర్‌లోని నిన్నటి మెమరీ కార్డు రెండుచోట్ల కాపీ చేసి, ఫైళ్లు తెరిచి విన్నాకే ఫార్మాట్ చేయండి. డబ్బింగ్‌లో ఎంత కష్టపడినా ఆ టేక్‌లోని ఊపిరి తిరిగి రాదు.

– లేపెల్ మైకు (బట్టలకు తగిలించే చిన్న మైకు) పెట్టాక ఆర్టిస్టును నడవమనండి, కూర్చోమనండి. పట్టుచీర, గంజి పెట్టిన కాటన్ గరగరలాడతాయి. నల్లపూసలు మైకుకి తగులుతాయి. కదలకుండా నిలబడితే ఇవేవీ వినిపించవు, అక్కడే మోసపోతాం.

– రికార్డర్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఉందా? మామూలు మాటల పీక్స్ (శబ్దం చేరే గరిష్ఠ స్థాయి) మైనస్ 12 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంచండి. అరుపు పగిలితే బాగుచేయడం కష్టం.

– ఇంట్లో షూట్ అయితే ఫ్రిజ్ ఆపి, మీ బండి తాళాలు అందులోనే పెట్టండి. వెళ్లేటప్పుడు మర్చిపోకుండా ఆన్ చేస్తారు. ఇంటివాళ్ల పాలు విరగవు.

– లొకేషన్ మారే ముందు ఒక్క నిమిషం రూమ్ టోన్, అంటే ఎవరూ మాట్లాడనప్పుడు ఆ చోట వినిపించే శబ్దం, రికార్డు చేయండి. అందరినీ ఆగమనడానికి మొహమాటపడకండి.