ఆవునో గేదెనో పిచ్చికుక్క కరిస్తే ఏం చెయ్యాలి

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం, భీమిలి సైడు పాడి ఉన్నోళ్ళకి ముందు ఒకటి చెప్పాలి, రేబిస్ లక్షణాలు బయటపడ్డాక పశువుకి వైద్యం లేదు, ఎంత పెద్ద డాక్టర్ వచ్చినా లేదు. మనం చెయ్యగలిగిందంతా కాటు పడిన రోజుకీ లక్షణాలు కనపడే రోజుకీ మధ్యలోనే. ఆ గ్యాప్ కొన్ని వారాలు ఉండొచ్చు, కొన్ని నెలలూ ఉండొచ్చు, అందుకే "నెలయింది, గొడ్డుకి ఏటీ అవలేదు కదా" అని వదిలేస్తుంటారు.

కుక్క కరిచిందని తెలియగానే చేతికి గ్లవ్స్ వేసుకుని ఒళ్ళంతా వెతకండి. కుక్క దగ్గరికొస్తే పశువు మూతి ముందుకి పెట్టి వాసన చూస్తుంది కదా, కాటు చాలాసార్లు మూతి మీద, ముక్కు దగ్గరే పడుద్ది, అక్కడైతే మెదడుకి దగ్గర కాబట్టి రిస్క్ ఇంకా ఎక్కువ. గాయాన్ని సబ్బు పెట్టి మోటారు పైపు కింద పావుగంట కడగండి, బట్టల సబ్బయినా పర్లేదు, వైరస్ మీదుండే కొవ్వు పొరని సబ్బు కరిగించేస్తుంది. తర్వాత బెటాడిన్ రాయండి. కారం, సున్నం, ఆకుపసరు లాంటివి వద్దు, కుట్లు కూడా వేయించొద్దు.

అదే రోజు పశువుల ఆసుపత్రికి వెళ్ళండి, లేదా 1962కి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్స్ వస్తుంది. కాటు తర్వాత వేసే వ్యాక్సిన్ మామూలుగా 0, 3, 7, 14, 28 రోజుల్లో అయిదు డోసులు, మొదటి ఇంజక్షన్ వేసిన రోజే సున్నా. రెండు డోసులయ్యాక పశువు బాగానే మేస్తుంది, పాలిస్తుంది కదా అని ఆపేస్తారు చూడండి, అక్కడే కొంప మునుగుతుంది. వ్యాక్సిన్ బయట కొని తెస్తే ఐస్ పెట్టిన బాక్సులోనే తేవాలి, ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టి తెచ్చింది వేసినా ఒకటే వెయ్యకపోయినా ఒకటే. కరిచిన కుక్క తెలిసిందైతే 10 రోజులు గమనించండి, కానీ ఆ పది రోజులూ ఇంజక్షన్లు ఆపొద్దు.

ఇప్పుడు అసలు ప్రమాదం గురించి. పశువు మేత మానేసి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టేస్తారు. పెట్టొద్దు!! దాంతోపాటు గొంతు మారిపోయి ఆగకుండా అరవడం, పేడ పడకపోయినా ముక్కుతూ ఉండడం, వెనక కాళ్ళు తూలడం కూడా ఉంటే రేబిస్ అనే అనుకుని దూరం జరిగి డాక్టర్ని పిలవండి. ఇలాంటి పశువులు ఊరికే చతికిలబడిపోయి కూడా ఉంటాయి, పిచ్చెక్కి మీదపడితేనే రేబిస్ అనుకోకండి. పొడిచినా పొడవకపోయినా చొంగలో వైరస్ ఉన్నట్టే.

దాన్ని వేరుగా కట్టేసి పిల్లల్ని అటు రానివ్వకండి, పాలు వాడొద్దు. ఇప్పటికే మరిగించిన పాలు తాగేసుంటే కంగారు అక్కర్లేదు, మరిగితే వైరస్ చచ్చిపోతుంది, పచ్చిపాలు తాగినోళ్ళు మాత్రం డాక్టర్కి చెప్పాలి. నోట్లో చెయ్యి పెట్టినోళ్ళు, గీరుకున్న చేతికి చొంగ అంటినోళ్ళు వెంటనే సబ్బుతో కడుక్కుని అదే రోజు దగ్గర్లో ఉన్న పీహెచ్‌సీకో విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో వెళ్ళి జరిగింది మొత్తం చెప్పండి, టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకునే రెడీమేడ్ యాంటీబాడీల ఇంజక్షన్) కావాలో లేదో వాళ్ళు చూస్తారు. పశువు చనిపోతే తోలు తియ్యడం, మాంసం కొయ్యడం వద్దు, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

ముందు జాగ్రత్తకొస్తే, ఇంటి కుక్కకి మూడు నెలల వయసులో టీకా, తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం ఏటా బూస్టర్. జులై 6న జూనోసిస్ డే (పశువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల మీద అవగాహన రోజు) అని పశువుల ఆసుపత్రుల్లో ఫ్రీగా వేస్తుంటారు, కనుక్కోండి. ఇంకోటి, ఈనిన తర్వాత మాయని పెంటకుప్ప మీద పడెయ్యకుండా పూడ్చండి, దానికోసమే ఊళ్ళో కుక్కలన్నీ రాత్రిపూట దూడ దగ్గరికి చేరతాయి.