ఇనుము రేటు పెరిగినప్పుడు కిలోల లెక్క ఎలా పట్టుకోవాలి

గేట్లు, గ్రిల్స్, రేకుల షెడ్లు చేసే చిన్న వెల్డింగ్ షాపు మాది. పెద్ద కాంట్రాక్టర్ టన్నుల్లో కొంటాడు, రేటు పెరిగినా ఎవరో ఒకరు ఆయనకి ఎంతో కొంత తగ్గిస్తారు. మనం కొనేది పది లెంగ్తులు (షాపులో అమ్మే పూర్తి పొడవు పైపులు, పట్టీలు), మహా అయితే ముప్పై. ఇంటి వెనక చిన్న మెషిన్ పెట్టుకుని ఆదివారం పూట బల్లో మొక్కల స్టాండో చేసుకునేవాళ్లయితే రెండు మూడు లెంగ్తులు. మనకి తగ్గించేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకే నేను రేటు గురించి బేరమాడటం తగ్గించి బరువు గురించి అడగడం మొదలుపెట్టాను. రేటు ఎక్కడో తేలుతుంది, బరువు మాత్రం మన టేపు, మన వెర్నియర్ (మందం కొలిచే పరికరం) చెప్పేస్తాయి. షాపులో నేను చేసేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు రేటు ఎందుకు కదులుతుందో కాస్త తెలుసుకుంటే ఎప్పుడు కొనాలో అర్థమవుతుంది. మనం వాడే యాంగ్లర్లు (ఎల్ ఆకారం కడ్డీలు), పట్టీలు, చువ్వలు చాలావరకు చిన్న రోలింగ్ మిల్లుల సరుకు. తుక్కు, స్పాంజ్ ఐరన్ (ఖనిజం నుంచి తీసే ముడి ఇనుము) కలిపి కరెంటుతో నడిచే ఇండక్షన్ ఫర్నేస్‌లో కరిగించి తీసేది. తుక్కు పెరిగితే ఇవి వెంటనే పెరుగుతాయి. హైదరాబాద్‌లో హెడ్డాఫీసున్న ప్రభుత్వ గనుల కంపెనీ ఎన్‌ఎండీసీ ఇనుప ఖనిజం రేటు మార్చినా స్పాంజ్ ఐరన్ మీదుగా ఆ సెగ మనదాకా వస్తుంది. షీటు, పైపుల సంగతి వేరు. అవి ఎక్కువగా పెద్ద ప్లాంట్ల కాయిల్ (చుట్టగా చుట్టిన ఉక్కు రేకు) నుంచి వస్తాయి, ఆ ప్లాంట్లకి కావాల్సిన కోకింగ్ కోల్ చాలావరకు ఆస్ట్రేలియా లాంటి బయటి దేశాల నుంచి రావాలి, కాబట్టి డాలర్ పెరిగినా, అక్కడ గనుల్లో ఇబ్బంది వచ్చినా ఇక్కడ తెలుస్తుంది. పైగా 2025 ఏప్రిల్‌లో కేంద్రం దిగుమతయ్యే ఫ్లాట్ స్టీల్ (షీటు, కాయిల్ లాంటివి) మీద 12 శాతం సేఫ్‌గార్డ్ డ్యూటీ, అంటే ఇక్కడి ప్లాంట్లని కాపాడే అదనపు సుంకం, వేసింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, "ఇనుము పెరిగింది" అని షాపువాడు అనగానే అన్నిటికీ ఒకే పెరుగుదల అనుకోవద్దు. యాంగ్లర్ రేటు వేరుగా, పైపు రేటు వేరుగా, షీటు రేటు వేరుగా అడగండి. ఒకటి పెరిగి ఇంకొకటి అలాగే ఉన్న వారాలు నేను చాలా చూశాను. వానాకాలంలో కట్టుబడి పనులు తగ్గుతాయి కాబట్టి సాధారణంగా చువ్వ, యాంగ్లర్ రేటు కాస్త మెత్తబడుతుంది, తుప్పు పట్టకుండా పెట్టుకునే చోటుంటే అప్పుడు కొనండి.

ఇప్పుడు కొటేషన్ సంగతి. 2022 ఫిబ్రవరిలో ఒక రేకుల షెడ్డు చదరపు అడుగు లెక్కన ఒప్పుకున్నాను, అడ్వాన్స్ కూడా తీసుకున్నాను. వాళ్ల పునాది పని ఆలస్యమై నేను సరుకు కొనేసరికి ఏప్రిల్ వచ్చింది. ఈలోగా ఉక్రెయిన్ యుద్ధం మొదలై కాయిల్ టన్ను 70 వేలు దాటింది. మే 22 నుంచి ఎగుమతుల మీద 15 శాతం సుంకం వేశాక రేటు దిగింది కానీ అప్పటికి నా షెడ్డు నిలబడిపోయింది. నా కూలీ మొత్తం ఇనుములోకి పోయింది, ఇద్దరు కుర్రాళ్లకి జీతం నా చేతి డబ్బుల్లోంచి ఇచ్చాను. ఆ తర్వాత ఒక్క పని కూడా అడుగుల లెక్కన ఒప్పుకోలేదు.

ఇప్పుడు కొటేషన్ ఇలా రాస్తాను. ఇనుము ఇన్ని కిలోలు, ఈరోజు రేటు ఇంత. వేస్టేజి 5 శాతం. వెల్డింగ్ రాడ్లు, కటింగ్ వీల్స్, ప్రైమర్, పెయింటు ఒక లైను. కరెంటు, ఆటో కిరాయి ఒక లైను. లేబర్ విడిగా. కింద "ఈ రేటు 7 రోజుల వరకే, ఆ తర్వాత ఇనుము కొన్న రోజు బిల్లు ప్రకారం" అని రాసి పార్టీ చేత సంతకం పెట్టిస్తాను. మొదట్లో మొహమాటంగా ఉంటుంది, "ఏంటయ్యా మన మధ్య కాగితాలు" అంటారు. అయినా రాయండి. ఇంకో మాట, అడ్వాన్స్ చేతికి రాగానే ఆ రోజో మర్నాడో ఆ డబ్బుతో సరుకు దింపేయండి. ఇంటి ఖర్చుకి వాడి, తర్వాత కొందాంలే అనుకుంటే నాకు జరిగిందే మీకూ జరుగుతుంది.

బరువు లెక్కలు నోటికి రావాలి. గుండ్రటి చువ్వకి వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 ఎంఎం అయితే 144ని 162తో భాగించాలి, 0.889 కిలో. 12 మీటర్ల చువ్వ 10.67 కిలోలు తూగాలి. స్లాబు చువ్వలకి ఐఎస్ 1786 అనే భారతీయ ప్రమాణం ప్రకారం 12, 16 ఎంఎం సైజుల్లో 5 శాతం, 10 ఎంఎం దాకా 7 శాతం వరకు తేడా ఒప్పుకుంటారు, అంటే 12 ఎంఎం కట్ట తూచినప్పుడు చువ్వకి సగటున 10 కిలోల 130 గ్రాముల కంటే తగ్గితే అడగాల్సిందే. పట్టీకి వెడల్పు, మందం మిల్లీమీటర్లలో గుణించి 0.00785తో గుణించండి, 25 బై 5 పట్టీ మీటరుకి దాదాపు 980 గ్రాములు. షీటుకి చదరపు మీటర్లు, మందం, 7.85 మూడూ గుణించాలి. 8 బై 4 షీటు 1.2 ఎంఎంది 28 కిలోలు, 1.6 ఎంఎంది 37 కిలోల పైచిలుకు. షాపులో షీటు మందాన్ని గేజ్‌లో చెబుతారు, 18 గేజ్ అంటే 1.2 అని, 16 అంటే 1.6 అని లెక్క. బిల్లు మీద మాత్రం ఎంఎం రాయించుకోండి, గేజ్ అన్న మాటకి ఎవరి అర్థం వాళ్లకి ఉంటుంది.

స్క్వేర్ పైపు దగ్గర మనం ఎక్కువ నష్టపోతాం, ఎందుకంటే లోపల మందం కంటికి కనపడదు. పోయిన నెల 25 బై 25 పైపు 1.6 ఎంఎం అని చెప్పి లెంగ్తుకి ఇంత అని రేటు చెప్పారు. వెర్నియర్ తీశాను. కోసిన చోట అంచు కాస్త లేచి ఉంటుంది, అలాగే కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి ముందు ఆకురాయితో ఆ అంచు గీకాలి, పైపు లోపల అతుకు గీత ఉన్న వైపు వదిలేసి మిగతా మూడు వైపులా కొలవాలి. మూడు చోట్లా 1.4 వచ్చింది. 1.6 అయితే 6 మీటర్ల లెంగ్తు 7 కిలోలు, 1.4 అయితే 6 కిలోల 200 గ్రాములు. లెంగ్తుకి 800 గ్రాములు పోయినట్టు. ఇరవై లెంగ్తులకి 16 కిలోలు, కిలో 70 అనుకున్నా 1,100 పైన. గొడవ పడలేదు, "కాటా మీద పెట్టి కిలో లెక్కన ఇవ్వండి" అన్నాను, ఇచ్చారు. వెర్నియర్ లేనివాళ్లు ఒక లెంగ్తు కొని కచ్చితంగా ఒక మీటరు ముక్క కోసి కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూడండి, 1.6 ఎంఎం పైపు కిలో 170 గ్రాముల దగ్గర ఉండాలి, 1.4 అయితే కిలో 40 గ్రాములే వస్తుంది.

కొన్న తర్వాత డబ్బు మిగిలేదీ పోయేదీ కటింగ్ దగ్గరే. మెషిన్ ఆన్ చేసే ముందు కాగితం మీద గీయండి. ఒక ఉదాహరణ చెబుతాను. కాంపౌండ్ గ్రిల్‌కి 1,550 ఎంఎం నిలువు ముక్కలు 24 కావాలి. 6,000 ఎంఎం లెంగ్తులో అవి మూడే వస్తాయి, దాదాపు 1,340 ముక్క మిగిలిపోతుంది, 24 ముక్కలకి 8 లెంగ్తులు కొనాలి. అదే ఎత్తు 1,490కి తగ్గిస్తే నాలుగు వస్తాయి: నాలుగు ముక్కలు 5,960, చాప్‌సా (ఇనుము కోసే మెషిన్) చక్రం ఒక్కో కోతకి తినేసే 3 ఎంఎం కలిపినా 6,000 లోపే. 6 లెంగ్తులు చాలు. రెండు లెంగ్తులు, 25 పైపు అయితే 14 కిలోలు మిగిలాయి. ఇంటాయనకి చెప్పాను, రెండున్నర అంగుళాలు కూడా తగ్గదండీ, మీకే ఇంత డబ్బు మిగులుతుంది అని. ఒప్పుకున్నాడు. ఎత్తు తగ్గించడం కుదరనప్పుడు ఆ 1,340 ముక్కల్లోంచి అడ్డ పట్టీలు, బ్రేసులు (ఆసరా ముక్కలు) తీసేలా డిజైన్ వేయండి. పైపు కొన్నప్పుడు పొడవు కూడా టేపు పెట్టి చూసుకోవాలి, 5,950 వచ్చిందంటే పైన చెప్పిన లెక్క మొత్తం తప్పుతుంది.

మిగిలిన ముక్కలకి గోడకి ఒక స్టాండ్ కొట్టి, సైజు వారీగా పెట్టి, చాక్‌పీస్‌తో పొడవు రాయండి. 300 ఎంఎం దాటినవన్నీ సరుకే, హుక్కులకి, బేస్‌ప్లేట్ల కింద బ్రేసులకి అవే వాడుతున్నాను. అంతకంటే చిన్నవి తుక్కు. తుక్కు అమ్మేటప్పుడు కలిపి వేయొద్దు. కోసిన ఎంఎస్ (మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుము) ముక్కలు ఒక డబ్బాలో, లేత్ పొట్టు ఇంకో డబ్బాలో, దాని రేటు తక్కువ. స్టెయిన్‌లెస్ విడిగా. అది 304 రకమో 202 రకమో అయస్కాంతంతో తేలదు, రెండూ సరిగ్గా అంటుకోవు, కొన్న బిల్లు దాచుకుంటే చూపించొచ్చు. రాగి, ఇత్తడి, అల్యూమినియం ఏదీ ఇనుము కుప్పలో పడకూడదు. పాత మోటారు వైండింగ్ మీద పొర కాల్చి రాగి తీయకండి, ఆ పొగ చాలా చెడ్డది. జీఎస్టీ ఉన్న షాపువాళ్లకి ఒక జాగ్రత్త: 2024 అక్టోబర్ 10 నుంచి రిజిస్ట్రేషన్ లేనివాళ్ల దగ్గర లోహపు తుక్కు కొంటే ఆ 18 శాతం పన్ను రివర్స్ చార్జి కింద మనమే కట్టాలి. మీ ఆడిటర్‌కి కొనుగోళ్లు ముందే చెప్పండి.

సొంత సరదాకి పనిచేసేవాళ్లకి పాత ఇనుము కొట్టు మంచిదే, కొత్త సరుకు పెరిగినప్పుడు మరీను. సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు వెళ్లినా, విజయవాడ ఆటోనగర్‌కి వెళ్లినా ఒక అయస్కాంతం, ఒక ఆకురాయి జేబులో పెట్టుకెళ్లండి. కొట్టువాడు ఒప్పుకుంటే గ్రైండర్ ఒక్కసారి తాకించి నిప్పురవ్వలు చూడండి. మామూలు ఎంఎస్ రవ్వలు పొడుగ్గా, తిన్నగా పోతాయి. లారీ కమాను పట్టీ లాంటి హై కార్బన్ ముక్కవి చివర్లలో చీలి కాకరపువ్వొత్తిలా విచ్చుకుంటాయి, అది ఉలికి, కత్తికి బాగుంటుంది, గేటుకి వెల్డింగ్ చేస్తే పక్కనే పగులుతుంది. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, ఎర్రగా ఉంటాయి, దాన్ని మామూలు రాడ్‌తో అతికించాలని చూడొద్దు. పాత బిల్డింగ్ పగలగొట్టిన చువ్వలు కంచెకి, పందిరికి వాడుకోండి, స్లాబులో వేయకండి. రైలు పట్టా ముక్కలు, ఫిష్‌ప్లేట్లు ఎవరైనా చవగ్గా ఇస్తామంటే ముట్టుకోవద్దు, రైల్వే సొత్తు అక్రమంగా దగ్గరుంటే కేసు పెట్టడానికి 1966 నాటి చట్టమే ఉంది.

జీఐ పైపు తుక్కులో దొరికితే వెల్డింగ్ చేసే చోట రెండు అంగుళాల మేర జింకు పూత గ్రైండ్ చేసి తీసేయండి, గాలి మన వెనక నుంచి వచ్చేలా నిలబడండి. ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి చలి జ్వరం వస్తుంది. డ్రమ్ములు, పెట్రోల్ ట్యాంకులు, పాత గ్యాస్ సిలిండర్లు మాత్రం తుక్కు రేటుకి ఎంత చవగ్గా వచ్చినా కొనకండి, కోయకండి. ఖాళీగా ఉన్నట్టు కనిపించే డ్రమ్ములో మిగిలిన ఆవిరి ఒక్క రవ్వకి పేలుతుంది.