నెలాఖరులో పస్తు పడకుండా: శ్రీకాకుళంలో గది తీసుకుని చదివే పిల్లలకు

ఇంటి నుంచి డబ్బులు వచ్చిన రోజే తిండి సరుకు కొనేయండి. రీచార్జి, జిరాక్సులు, బస్సు చార్జీలు తర్వాత. ఇరవయ్యో తారీఖు దాటాక టీ, బన్నుతో నెట్టుకొచ్చేవాళ్లలో చాలామందికి మొదటి వారంలో బియ్యం కొనే డబ్బులు ఉన్నవే.

చేత్తో వండుకునే ఒక్క మనిషికి నెలకి బియ్యం పదిన్నర కేజీలు, కందిపప్పు కేజీన్నర, నూనె ముప్పావు లీటరు, చోడిపిండి (రాగిపిండి) కేజీన్నర, గుడ్లు 15 సరిపోతాయి. కూరగాయలు మాత్రం వారానికోసారి రైతుబజారులో తెచ్చుకోండి. ఫ్రిజ్ లేని గదిలో అంతకు మించి నిలవవు. రేషన్ కార్డులో మీ పేరుంటే ఇక్కడి డిపోలోనూ వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. కాకపోతే ఆ నెల బియ్యం ఇంటి దగ్గర అప్పటికే తీసేసి ఉంటే ఇక్కడ రావు. ముందు అమ్మకో నాన్నకో ఫోన్ చేసి అడగండి.

పొద్దున్న తిండి మానేసేవాళ్లే ఎక్కువ. దానికి చోడి అంబలిని మించింది లేదు. ఇద్దరికైతే రాత్రి అర గ్లాసు చోడిపిండిని గ్లాసుడు నీళ్లలో కలిపి మూత పెట్టండి. తెల్లారి మూడు గ్లాసుల నీళ్లు మరిగించి, గుప్పెడు బియ్యపు నూక వేసి మెత్తగా ఉడకనివ్వండి. మంట తగ్గించి, పులిసిన పిండి సన్నధారగా పోస్తూ కలుపుతూనే ఉండాలి. ఎనిమిది, పది నిమిషాలు పడుతుంది. తడి వేలితో తాకితే అంటుకోకూడదు. అంటుకుంటే లోపల పచ్చి ఉన్నట్టే, అది తాగితే కడుపునొప్పి వస్తుంది. పొడిపిండి నేరుగా మరిగే నీళ్లలో వేస్తే ఉండలు కడుతుంది, వాటి నడుమ పిండి ఉడకదు. చల్లారాక ఉప్పు, మజ్జిగ, ఉల్లిపాయ.

పప్పు ఎంతకీ ఉడకడం లేదంటే చింతపండు ముందే వేసి ఉంటారు. పులుపు తగిలితే పప్పు మెత్తబడదు. ఉడికాకే వేయండి, గ్యాసూ మిగులుతుంది. రాత్రి మిగిలిన అన్నం బాగా చల్లారాక మునిగేలా నీళ్లు పోసి ఉంచితే పొద్దున్నకి చద్దన్నం. పుల్లగా ఉంటే ఫర్వాలేదు, జిగురు సాగినా కంపు కొట్టినా పారేయండి.

అన్న క్యాంటీన్‌లో పూటకి 5 రూపాయలు. టౌన్లో ఉండేవాళ్లకి ఇది పెద్ద ఆసరా. ఎచ్చెర్ల వైపు గది ఉన్నవాళ్లు దానికోసమే టికెట్ కొని బస్సెక్కితే చార్జీలకే ఎక్కువవుతుంది, పని మీద టౌనుకి వచ్చినప్పుడు తినండి. ఆదివారం సెలవు, ఆ పూటకి బియ్యం ఉంచుకోండి.

ప్రభుత్వ వసతిగృహంలో సీటుకి అర్హత ఉంటే అడ్మిషన్ అయిన వారంలోనే దరఖాస్తు పెట్టండి, ఆలస్యమైతే సీట్లు నిండిపోతాయి. స్కాలర్‌షిప్ పడలేదంటే ముందు బ్యాంకుకి వెళ్లి, మీ ఆధార్ ఏ ఖాతాకి మ్యాప్ అయి ఉందో అడగండి. రెండు ఖాతాలున్నవాళ్లకి డబ్బు వాడని పాత ఖాతాలో పడి ఉండొచ్చు.