బేస్‌మెంట్‌ను గదిగా మార్చుకునే ముందు: అమెరికాలో కొత్తగా ఇల్లు కొన్నవారికి సూచనలు

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, మసాచుసెట్స్ వంటి చలి ప్రాంతాల్లో నేల గడ్డకట్టే లోతు కంటే కిందికి పునాది దించాలి కనుక, ఎలాగూ తవ్విన చోటును బేస్‌మెంట్‌గా, అంటే నేల కింది అంతస్తుగా, కట్టడం ఆనవాయితీ అయింది. అందులో పూజగదో, పిల్లల ఆటస్థలమో, ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులకు పడకగదో చేసుకోవాలని మనవాళ్లు ఆశపడతారు. ఆ ఆశ సబబైనదే. అయితే చెమ్మ సంగతి తేల్చకుండా డ్రైవాల్ (లోపలి గోడలకు వేసే జిప్సం పలకలు) బిగిస్తే, దాని వెనుక బూజు పట్టి, ఖర్చుపెట్టినదంతా ఊడదీయవలసి వస్తుంది.

మన ఊళ్లలో ఇంటికి నీటి బెడద ఎక్కువగా పైకప్పు నుంచి వస్తుంది. ఇక్కడ గోడను ఆనుకున్న మట్టి నుంచి వస్తుంది. అందువల్ల పని బయట మొదలుపెట్టాలి. జోరు వానలో గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, గట్టర్లు (పైకప్పు అంచున వాననీటిని పట్టే తొట్లు) పొంగుతున్నాయా, వాటి గొట్టాలు నీటిని పునాది పక్కనే వదులుతున్నాయా, నేల ఇంటివైపు వాలి ఉందా అన్నది చూడండి. గోడ నుంచి 10 అడుగుల దూరానికి నేల కనీసం 6 అంగుళాలు దిగాలి. గట్టర్లు శుభ్రం చేసి, గొట్టాలను దూరానికి పొడిగించి, మట్టి సరిచేయడంతోనే ఎన్నో బేస్‌మెంట్లు ఆరిపోతాయి. కాబట్టి వేల డాలర్ల కొటేషన్ మీద సంతకం చేసే ముందు ఈ చవకైన పనులు ముగించండి.

తర్వాత ఆ తడి ఊటో, గాలిలోని తేమో తేల్చుకోవాలి. గోడకు ఒక ప్లాస్టిక్ ముక్కను నాలుగువైపులా టేపుతో అంటించి, ఒకటి రెండు రోజులు ఉంచండి. గోడవైపు తడి చేరితే అది కాంక్రీటులోంచి వస్తున్నది. గదివైపు చేరితే గాలిలోని తేమ చల్లని గోడ మీద నీరుగా మారుతున్నది. రెండవదైతే, గాలి ఆడితే ఆరుతుందని వేసవిలో కిటికీలు తెరవడం పొరపాటు, ఎందుకంటే బయటి ఉక్క గాలి లోపలికి వచ్చి తడిని ఇంకా పెంచుతుంది. కిటికీలు మూసి, గాలిలోని తేమను లాగే యంత్రమైన డీహ్యుమిడిఫైయర్‌తో తేమను 50 శాతం దరిదాపుల్లో ఉంచాలి.

ఊట అయితే లోపలి నుంచి వేసే వాటర్‌ప్రూఫ్ పెయింటును నమ్ముకోవద్దు. వెనుక నుంచి నీరు తోస్తుంటే అది పొక్కులై రాలిపోతుంది. గోడ అడుగున కాలువ తవ్వి, రంధ్రాల గొట్టం వేసి, నీటిని సంప్ పంపుకు (గుంటలో చేరిన నీటిని బయటికి తోడే పంపు) చేర్చడం ఎక్కువగా చేసే పద్ధతి. పెద్ద వానల్లోనే కరెంటు పోతుంది కనుక పంపుకు బ్యాటరీ తప్పనిసరిగా పెట్టించండి. ఆపైన మంచు కరిగే వసంతాన్నీ ఒక వేసవినీ గడవనిచ్చి, గోడలు పొడిగా నిలిచాకే లోపలి పని మొదలుపెట్టడం మేలు.

ఆ పనిలో కాంక్రీటుకు నేరుగా గట్టి ఫోమ్ పలకలు అంటించి, వాటి ముందు చెక్క చట్రం నిలపాలి. నేలను తాకే చెక్క ప్రెషర్ ట్రీటెడ్‌దై, అంటే కుళ్లకుండా మందు పట్టించినదై, ఉండాలి. ఫైబర్‌గ్లాస్ దూదిని కాంక్రీటుకు ఆనించవద్దు. కార్పెట్ కంటే టైల్స్ నయం.

నేలలోంచి వచ్చే రాడాన్ వాయువుకు రంగూ వాసనా ఉండవు, కానీ అది ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. పరీక్షలో లీటరు గాలికి 4 పికోక్యూరీలు (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) గానీ అంతకు మించి గానీ ఉంటే, ముందు దాన్ని బయటికి పంపే ఏర్పాటు చేయించండి.

పడకగది విషయంలో రాజీ పడవద్దు. 2021 సెప్టెంబరులో ఐడా తుపాను వానకు న్యూయార్క్ నగరంలో మరణించిన 13 మందిలో 11 మంది బేస్‌మెంట్ ఇళ్లలోనివారే. మీ అమ్మానాన్నలు అక్కడ నిద్రించాలంటే, మంటలు లేచినా వాళ్లు బయటపడగల కిటికీ ఉండాలి: చాలా రాష్ట్రాలు అనుసరించే నమూనా నిబంధనల ప్రకారం దాని గట్టు నేల నుంచి 44 అంగుళాలకు మించకూడదు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ ఎత్తు కూడా కష్టమే కనుక, వీలైతే ఇంకా దిగువన పెట్టించండి. టౌన్‌షిప్‌లో, అంటే స్థానిక పాలక సంస్థలో, పర్మిట్ తీసుకుంటే ఇన్‌స్పెక్టరు ఇవన్నీ చూస్తారు, ఆ కాగితాలు ఇల్లు అమ్మేటప్పుడూ అక్కరకొస్తాయి.

మామూలు గృహ బీమా నేలలోంచి ఊరిన నీటికి సాధారణంగా పరిహారమివ్వదు. సంప్ పంపు ఆగిపోతే కలిగే నష్టానికి వేరే అదనపు రక్షణ కొనుక్కోవాలి. ఫెడరల్ వరద బీమా కూడా బేస్‌మెంట్‌లోని కార్పెట్‌కు, ఫర్నిచర్‌కు వర్తించదు.